బోరింగు గచ్చు తడవలేదు

నేను కాలనీకి చేరేసరికి నీటి పరీక్షకు వచ్చిన జీపు అప్పటికే రోడ్డు వైపు తిరిగి ఉంది. పన్నెండు నిమిషాలు ఆలస్యమయ్యాను. ఆరోగ్య కేంద్రంలో డాక్టరు సంతకం కోసం నిలబడిన పన్నెండు నిమిషాలవి. నా చేతిలోని జాబితాలో పదిహేను మంది పిల్లల పేర్లున్నాయి. 2012 జూన్ మొదటి ఇరవై రోజుల్లో వాంతులు, విరేచనాలతో పడిపోయినవారు. మొదటి పేరు ఈ కాలనీలోనే ఉండే శివమ్మ పెద్ద మనుమడిది. ఆ పేరు పక్కన, డిశ్చార్జి తేదీ ఉండవలసిన చోట, గీత మాత్రమే ఉంది.

కాలనీ వెనుక, రాళ్లు తీసి వదిలేసిన గుంతలో రెండేళ్లుగా సెప్టిక్ ట్యాంకర్లు ఖాళీ అవుతున్నాయి. శంషాబాద్ లాడ్జీల, ఫంక్షన్ హాళ్ల మలమంతా అక్కడికే వస్తుంది. గుంతకూ, అరవై ఇళ్లు తాగే బోరింగుకూ మధ్య నలభై అడుగుల దూరం. మురుగు భూమిలోకి ఇంకుతుందన్న సంగతిని ముప్పై ఒక్క ఏళ్లు ఆరో తరగతి పిల్లలకు చెప్పాను, వాళ్లకు అర్థమైంది. అధికారులకు ఏడు అర్జీలు పెట్టాను. ఏడింటికీ ఒకటే జవాబు వచ్చింది: ప్రజలకు పరిశుభ్రతపై అవగాహన కొరవడింది.

శివమ్మ మనుమడు పోయిన తరువాత పరీక్షకు ఒప్పుకున్నారు. నీరు పనికిరాదని తేలితే గుంత మూసివేయాలి, మంచినీళ్ల ట్యాంకరు పంపాలి. పనికివస్తుందని తేలితే ఫైలు ముగుస్తుంది. శివమ్మకు ఇంకా మూడేళ్ల మనుమరాలు, ప్రియదర్శిని, మిగిలి ఉంది.

జీపు పక్కన వీరేందర్ నిలబడి ఉన్నాడు. చౌరస్తాలో డబ్బా నీళ్ల ప్లాంటు అతనిదే. బోరింగు చెడ్డదని తేలితే కాలనీ అంతా అతని డబ్బాలే కొంటుంది. అందుకే నా అర్జీల మీద అందరికంటే ముందు సంతకం పెట్టాడు. తెలిసే పెట్టించుకున్నాను.

"అయిపోయింది మేడం," అన్నాడు ల్యాబు మనిషి అనంతయ్య, ఐసు డబ్బా మూత వేస్తూ. "నమూనా తీసుడైంది."

నేను బోరింగు వైపు చూశాను. దాని గచ్చు ఎండకు తెల్లగా మెరుస్తోంది. ఎక్కడా చుక్క నీరు పడలేదు. సూక్ష్మక్రిములు చచ్చేలా పంపు మూతి కాల్చడానికి తెచ్చిన స్పిరిటు దూది అతని సంచిలో ముట్టకుండా ఉంది.

"నీళ్లు ఎవరు పట్టారు?"

"గా గుంత వాసనకు కడుపుల తిప్పుతది మేడం. సీసా అమ్మకిచ్చిన, పట్టుకొచ్చింది. ఇంకా మంఖాల్ ఊరికి పోవాలె."

శివమ్మ ముందుకొచ్చింది. "సారు చేతుల గా మోరీ నీళ్లు ఎట్ల పెడ్త టీచరమ్మా? దవాఖానకు పోయేటివాయె. పిల్లకు తాపే డబ్బల నీళ్లు పోసిచ్చిన. సీస గిట్ల కడిగి మరీ పోసిన."

తల మీదుగా విమానం దిగింది.

మొదట నవ్వింది వీరేందర్. "మంచిగున్నది పెద్దమ్మా, నా నీళ్లకే పరీక్ష పెట్టినవ్. పారబోసి మళ్ల పట్టుండ్రి సార్."

"ఒకసారి తెరిచిన సీసా పనికిరాదు," అన్నాను. "ఇంకొకటి కావాలి."

"ఉన్న ఒక్కటి మంఖాల్‌ది," అన్నాడు అనంతయ్య. "ఫారం నింపిన. నంబరు పడ్డది."

"అయితే ఆ ఫారం మీద నిజం రాయండి. బోరింగు దగ్గరికి పోలేదు, ఇవి శివమ్మ ఇంటి డబ్బా నీళ్లు అని. కింద మీ సంతకం ఎలాగూ ఉంది."

అతను కలం తీయలేదు. జీపు కూడా ఎక్కలేదు. నేను జాబితా తెరిచి మొదటి పేరు చదివాను. వయసు చదివాను. రెండో పేరు సగంలో ఉండగా అతను మంఖాల్ సీసా తీసుకుని, రుమాలు ముక్కుకు కట్టుకుని నడిచాడు. దూది వెలిగించి పంపు మూతి కాల్చాడు. శివమ్మ పంపు కొట్టింది. చాలాసేపు నీరు వదిలాక సీసా నింపాడు. గచ్చు తడిసింది.

"మొదటిది పారబోయుండ్రి," అన్నాడు వీరేందర్. "మంచినీళ్లకు పరీక్షెందుకు? ఐసు దండుగ."

ఆ మాట మూడుసార్లు అన్నాడు. రెండుసార్లు నవ్వుతూ అన్నాడు. మూడోసారి చేయి చాపాడు.

అప్పటికి ఆ మొదటి సీసా నా చేతిలో ఉంది. "నంబరు పడింది. రెండూ పోతాయి," అని ఫారం మీద డబ్బా నీళ్లని రాయించి, నేనే ఐసులో పెట్టాను.

శనివారం రెండు కాగితాలు వచ్చాయి. రెండింటిలోనూ ఒకటే వాక్యం: తాగడానికి పనికిరావు.

వాటితో కాలనీకి వెళ్లే దారిలో చౌరస్తాలో ఆగి ప్లాంటు వెనక్కి వెళ్లాను. ఒక బోరు, ఒక మోటారు, వరుసగా డబ్బాలు. వడపోత యంత్రానికి కొన్ననాటి పాలిథిన్ కవరు కూడా విప్పలేదు.

కాలనీలో బోరింగుకు అప్పటికే, తాగొద్దన్న గుర్తుగా, ఎర్ర రంగు పూశారు. ట్యాంకరు సోమవారం వస్తుందన్నారు. శివమ్మ నన్ను చూడగానే, ఏమీ అడగకుండా, డబ్బా వంచి నాకు గ్లాసెడు నీళ్లు ఇచ్చింది. గడప మీద ప్రియదర్శిని తన గ్లాసు ఎత్తుతోంది. నేను ముందు ఆ పిల్ల చేతిలోది లాక్కున్నాను. పిల్ల ఏడుపు అందుకుంది.

రెండో కాగితం సంగతి చెప్పాను. శివమ్మ డబ్బా వైపు తిరిగింది.

"నేను పోసినయేనా?"

"నువ్వు పోసినవే."

"సారు చెప్పినట్టు బోరింగుయే పోసుంటే, దీని సంగతి తెల్వకపోతుండె గదా?"

"తెలిసేది కాదు."

"పెద్దోడు పోయినకాన్నుంచి దీనికి గివే తాపుతున్న టీచరమ్మా. ఇగ ఏం తాపాలె?"

"కాగబెట్టి, చల్లార్చి."

రెండు గ్లాసుల నీళ్లనూ ఆమె డబ్బాలోకి కాదు, వాకిట్లోకి ఒలకబోసింది. డబ్బాలో మిగిలినవి గిన్నెలో పోసి మూడు రాళ్ల మీద పెట్టింది. కట్టెలు పచ్చివి, పొగ చిమ్మాయి. నీళ్లు మరగడానికి ఇరవై ఏడు నిమిషాలు పట్టింది. చల్లారడానికి ఇంకా ఎక్కువ. అంతసేపూ పిల్ల దాహమని ఏడుస్తూనే ఉంది. ఇద్దరం గిన్నెకు చెరొక పక్క కూర్చుని విసురుతూనే ఉన్నాం.