ఏడో ఫారం

కెజయా దగ్గింది. చేతిలో ఉన్న కాగితం మీద రక్తం పడింది.

జనవరి నెల, పొద్దున పది గంటలు. లండన్‌లో సెయింట్ పాల్ చర్చి వెనక సందులో హాలిక్ దొర బైండింగు షాపు. మేడ మీద పొడుగాటి బల్ల, దానికి అటూ ఇటూ పన్నెండు మంది ఆడవాళ్లు. అచ్చాఫీసు నుంచి దుప్పట్లంతేసి కాగితాలు వస్తాయి. వాటిని ఎముక బద్దతో నొక్కి మడిచి, పదహారేసి పేజీల ఫారాలు చేసి, వరసన పేర్చి, దారంతో కుట్టాలి. చలికాలంలో ఆ గదిలో నిప్పు పెట్టనివ్వరు, కాగితాలు అంటుకుంటాయని. ఎండాకాలంలో కిటికీ తెరవనివ్వరు, కాగితాలు ఎగిరిపోతాయని. కాగితాలకు ఏది మంచిదో హాలిక్ దొరకు బాగా తెలుసు.

కెజయా పక్కన కూర్చునేది డామరిస్. ఆరేళ్లుగా ఇద్దరి మోచేతులూ ఒకదానికొకటి తగులుతూనే ఉన్నాయి. దొర బూట్ల చప్పుడు మెట్ల మీద వినబడుతోంది. కెజయా చెవిలో చెప్పినంత మెల్లగా అంది.

"సూది గుచ్చుకుందని చెప్పవే. నీ వేలిదని చెప్పు."

చెప్పడానికి డామరిస్‌కు వ్యవధి ఉంది. మెట్లు ఇరవై రెండు. దొర స్థూలకాయుడు.

హాలిక్ వచ్చాడు. కెజయా ముందున్న కాగితం ఎత్తి వెలుతురులో చూశాడు. అది ఒక బిషప్పుగారి ఉపదేశాల పుస్తకం.

"ఎవరిదీ రక్తం?"

పన్నెండు సూదులూ ఆగిపోయాయి. ఎవరూ మాట్లాడలేదు. దొర గొంతు పెంచలేదు కూడా. "క్షయరోగం దానితో బిషప్పుగారి పుస్తకం కుట్టించానని తెలిస్తే నా గతేంటి? లే. శాలువా కప్పుకో, బయట మంచు పడుతోంది" అన్నాడు. కెజయా ఒక్కసారి డామరిస్ వంక చూసి, లేచి వెళ్లిపోయింది.

పదకొండో రోజున బీదల ఆశ్రమంలో చనిపోయింది. దిక్కులేని వాళ్లందరినీ కలిపి పూడ్చే గోతిలో పూడ్చారు.

వారం తిరక్కుండానే కెజయా కూర్చునే ముక్కాలిపీట మీద నోరా వచ్చి కూర్చుంది. ఐర్లండు పిల్ల, నోరు పెద్దది, పని చురుకు. కానీ రోజూ పొద్దున పది అయ్యేసరికి బల్ల దగ్గర దగ్గు వినబడేది. డామరిస్ తిరిగి చూస్తే నోరా ఏదో కూనిరాగం తీస్తూ కుడుతూ ఉండేది. నాకు మతి పోతోందనుకుంది డామరిస్. ఒకరోజు చూస్తే బల్ల చివర ముసలి గ్రిసెల్ కూడా అదే క్షణాన తలెత్తింది. ఇద్దరి చూపులూ కలిశాయి. ఇద్దరూ తల దించుకున్నారు.

ఏప్రిల్‌లో పెన్‌ఫోల్డ్ అనే పుస్తకాల వ్యాపారి దగ్గర్నించి కొత్త పని వచ్చింది. నాలుగు వందల ప్రతులు.

మడిచే కాగితాన్ని చదవకూడదని ఆ షాపులో కట్టడి. చదవగలిగింది మాత్రం ఎవరు? డామరిస్ ఒక్కతే. కెజయాయే నేర్పింది, మధ్యాహ్నం రొట్టె తినే వేళ, పాడైన కాగితాలు ముందేసుకుని. ఆ రోజు మడత నొక్కుతూ ఉంటే ఒక వాక్యం కంటబడింది. "మా బల్ల మీద మంచి వెలుతురు రెండే గంటలు. మిగతాదంతా మా కళ్లు ఇచ్చే వెలుతురు." డామరిస్ చేతిలో బద్ద ఆగిపోయింది. ఆ మాట ఆరేళ్లు విన్నది. ఆ గొంతు ఎవరిదో ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు.

మొదటి ఫారం వెతికి తీసింది. "ఒక పేద క్రైస్తవ స్త్రీ జీవితం, స్వయంగా రాసుకున్నది" అని ఉంది. పేరు లేదు. కింద పెన్‌ఫోల్డ్ పేరు మాత్రం వేలెడంత అక్షరాల్లో ఉంది.

కెజయా మధ్యాహ్నాలు పాడైన కాగితాల వెనక ఏదో గిలికేది. "ఎవడికే ఆ ప్రేమలేఖ?" అని ఏడిపించేవాళ్లు. "మీ అందరికీ" అనేది. పోయిన శరత్కాలంలో ఆ కాగితాల కట్ట తనే పట్టుకెళ్లి పెన్‌ఫోల్డ్‌కి ఇచ్చి వచ్చిందట.

మధ్యాహ్నం దొర భోజనానికి దిగగానే డామరిస్ అందరికీ చదివింది. రొట్టె ముక్కలు చేతుల్లోనే ఉండిపోయాయి. ఏడో ఫారం అంతా ఈ గదే. నిప్పు లేని పొయ్యి, మేకులు కొట్టిన కిటికీ, దగ్గితే పోయే పని. ఆ తర్వాత పేర్లు.

"మార్తా విక్స్. వంటల పుస్తకం కుడుతూ కళ్లు తిరిగి పడిపోయింది. రెండు రోజులుగా ఏమీ తినలేదు. మళ్లీ లేవలేదు. జొయాన్ బెల్చర్. నావికుల పటాలు కుడుతూ కళ్లు పోగొట్టుకుంది. గుడ్డిదై అడుక్కుంటూ చలికి చనిపోయింది..." అలా ఏడుగురు. చివర్న, "మా చేతుల మీదుగా పోయిన పుస్తకాల్లో మా పేరు ఎక్కడా ఉండదు. అందుకని ఇక్కడ రాశాను. ఎనిమిదో పేరుకు చోటు వదులుతున్నాను. అది నాదే అవుతుందనుకుంటాను."

 గ్రిసెల్ శాలువా కొంగుతో మూతి తుడుచుకుంది.

"మార్తా నా బిడ్డ" అంది, ఆ సంగతి అక్కడ తెలియనిది నోరా ఒక్కతే అయినా. "దాని పేరు అచ్చులో ఉందా? ఎక్కడుందో చూపించు."

డామరిస్ చూపించింది. చదువు రాని గ్రిసెల్ ఆ చోట వేలు పెట్టి చాలాసేపు ఉంచింది.

మూడో రోజున పెన్‌ఫోల్డ్ స్వయంగా వచ్చాడు. జిగురు కంపు సోకకుండా ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. వెనకే హాలిక్, చేతిలో నలిగిన ఏడో ఫారం ఒకటి, మొహం కందగడ్డలా పెట్టుకుని.

"ఏడో ఫారంలో అచ్చుతప్పులున్నాయి" అన్నాడు పెన్‌ఫోల్డ్. "అవన్నీ కింద జిగురు కాచే పొయ్యిలో పెట్టండి. బదులు ఫారం ఇదిగో."

వాళ్లు దిగి వెళ్లాక డామరిస్ బదులు ఫారం చదివింది. "నా యజమాని నాకు తండ్రిలాంటివాడు. నా జబ్బు నా పాపఫలం. ఆ ఇంటి మేలు మరువలేను."

నోరా ఉమ్మేసింది. "తండ్రా? ఈ మాట ఆమె రాసిందంటే నేను ఇంగ్లండు రాణిని."

మధ్యాహ్నం పన్నెండు మందీ చర్చి ప్రహరీ పక్కన వానకు నక్కి నిలబడ్డారు. ముందు నోరు విప్పింది థామసిన్. ముగ్గురు పిల్లల తల్లి, మొగుణ్ని నౌకాదళంవాళ్లు బలవంతాన పట్టుకుపోయారు.

"చెప్పిన పని చేసేద్దాం. చచ్చిపోయినామె నా పిల్లలకి రొట్టె పెడుతుందా?"

"బతికున్న దొర పెడుతున్నాడా?" అంది నోరా.

"నీకేం, ఒంటి కట్టెవి. నోరు పారేసుకుంటావు."

"మార్తా చచ్చినప్పుడూ ఇదే మాట అన్నారు" అంది గ్రిసెల్. "నేను కూడా అన్నాను. దాని కుట్టు సగంలో ఉంటే, దాన్ని పూడ్చి వచ్చి మర్నాడు ఆ పుస్తకం నేనే పూర్తి చేశాను. మంచి కుట్టు అన్నాడు దొర."

 అప్పుడు డామరిస్ చెప్పింది. మూడు నెలలుగా ఎవరికీ చెప్పనిది చెప్పింది.

"రక్తం పడ్డ రోజు కెజయా నన్నొక్క మాట అడిగింది. నీ వేలిదని చెప్పవే అంది. నేను చెప్పలేదు. భయమేసింది. ఆమెను చంపింది నేనే."

"ఆపు" అంది గ్రిసెల్. కోపంగానే అంది. "ఆ మాట నాకూ వినబడింది. నేను మాత్రం అన్నానా? ఆ రోజు పదకొండు నోళ్లు మూసుకున్నాయి. ఒక్కొక్కళ్లం విడివిడిగా భయపడ్డాం, అందుకే వాడికి గొంతు పెంచే పనిలేకపోయింది. పాపం నీ ఒక్కదాని మీద వేసుకుని మమ్మల్ని వదిలేయకు."

నోరా మొహం పాలిపోయింది. "నేను కూర్చున్నది ఆమె పీటా? ఆమె పోతేనా నాకు పని దొరికింది? ఒక్కరూ చెప్పలేదేం?"

 థామసిన్ ముక్కు చీది, చెయ్యి గోడకు రాసింది.

"పాత కాగితాలు పొయ్యికి మోసేది నేనే కదా" అంది. "పాతవి కాలిస్తే ఒక బూడిదా, కొత్తవి కాలిస్తే ఇంకో బూడిదా? చూడ్డానికి దొర వస్తాడా ఆ పొగలోకి?"

ఆమె వైపు అందరూ తిరిగారు.

"నా వంక అలా చూడకండే. పన్నెండు మందీ కుడితేనే. ఒక్కతి తప్పుకున్నా నేను లేను."

పన్నెండు మందీ కుట్టారు. రెండు రోజులు. బదులు ఫారంలోని దయగల యజమాని పొయ్యిలో కాలాడు. ఆ ఫారంలో మిగిలిన కొన్ని కాగితపు పేలికల్ని పుస్తకాల వీపున జిగురు పూసి, లోపలివైపు అంటించేశారు. ఏడో ఫారం తన చోటులో తను కూర్చుంది. పని జరుగుతుండగా నోరా ఉన్నట్టుండి తలెత్తి, "ఎవరే దగ్గింది?" అంది. ఆ పిల్ల కెజయాను కంటితో కూడా చూడలేదు.  మిగతావాళ్ల చేతులు ఇంకా వేగంగా ఆడాయి.

అప్పట్లో పుస్తకాలు అంచులు కోయకుండానే అమ్మేవాళ్లు. కొన్నవాళ్లే కత్తి పెట్టి పేజీలు విడదీసుకోవాలి. అందుకని ఆ పేర్లు మడతల్లో దాక్కుని, నాలుగు వందల ఇళ్లకు బయల్దేరాయి.

పద్దెనిమిది రోజులు ఏమీ జరగలేదు. ఆ తర్వాత ఒక పెద్దింటి విందులో ఎవరో ఆవిడ ఆ పుస్తకం పైకి చదువుతూ, ఏడో ఫారం దగ్గర ఆగిపోయిందని కబురు. ఆ బైండింగు షాపు ఎవరిదని పత్రికలో ఒకరు అడిగారు. జొయాన్ బెల్చర్ తమ్ముడు, ఓడల రేవులో కూలి, అక్క పేరు వెతుక్కుంటూ పెన్‌ఫోల్డ్ కొట్టుకు వచ్చి నిలబడ్డాడు. వెంట ఇరవై మంది కూలీలు వచ్చారు.

మర్నాడు పొద్దున్నే హాలిక్, పెన్‌ఫోల్డ్, ఒక కానిస్టేబులు మేడెక్కారు. చంకలో అమ్ముడుపోని ప్రతులు.

"ఎవరు చేశారో ఒక్క పేరు చెప్పండి" అన్నాడు హాలిక్. "మిగతావాళ్లు సూది పట్టుకోవచ్చు."

మళ్లీ నిశ్శబ్దం. కానీ ఇది జనవరి నాటి నిశ్శబ్దం కాదు. ఎవరూ తల దించలేదు.

"మీరు చెప్పకపోతే కుట్టు చెబుతుంది" అన్నాడు. నిజమే. కుట్టు చివర వేసే ముడి ఒక్కో చేతిది ఒక్కో తీరుగా ఉంటుంది, బైండరు కన్ను దాన్ని చేతిరాతలా పట్టేస్తుంది. కత్తి తీసి ఒక పుస్తకం వీపు చీల్చాడు. "గ్రిసెల్" అన్నాడు. రెండోది చీల్చాడు. "థామసిన్." మూడోది. "ఈ ఐర్లండు ముం..." నాలుగోది, అయిదోది. చీల్చిన కొద్దీ చెయ్యి నెమ్మదించింది. పన్నెండో పుస్తకం చీల్చాక కత్తి బల్ల మీద పెట్టేశాడు. అతని షాపులో అతను ఎరగని చెయ్యి లేదు, ఇందులో కలవని చెయ్యీ లేదు.

"పన్నెండు మందిని ఒకేసారి ఎలా తీసుకెళ్లనండీ?" అన్నాడు కానిస్టేబులు గొణుగుతూ. "ముందు నిలబడింది ఎవరో చెప్పండి."

"చదవడం వచ్చింది ఎవతికి?" అన్నాడు పెన్‌ఫోల్డ్.

డామరిస్ లేచింది. సూది బల్ల మీద పెట్టింది. 

"చదివింది నేను."

"విన్నది మేము" అంది థామసిన్, కూర్చున్న చోటు నుంచే.

కానిస్టేబులు డామరిస్ రెక్క పట్టుకున్నాడు. మెట్లు దిగుతుంటే వెనక పీటలు జరిగిన చప్పుడైంది. పదకొండు మందీ లేచి వస్తున్నారు. "కూర్చోండి! మెట్టు దిగినదానికి మళ్లీ ఈ గడప ఎక్కే పనిలేదు!" అని హాలిక్ ఈసారి నిజంగానే అరిచాడు. గ్రిసెల్ ఆగి, అతని వంక తేరిపార చూసి, "ఇరవై ఏళ్లలో నువ్వు అరవగా ఇదే వినడం దొరా" అని దిగిపోయింది.

వీధిలో పుస్తకాల కొట్ల ముందుగా నడిచారు. మేడల మీద వేరే బైండింగు షాపుల కిటికీలు తెరుచుకున్నాయి. జిగురు చేతులు, బిగించి కట్టిన తలగుడ్డలు. ఆ షాపుల ఆడవాళ్లు వంగి చూశారు.

యజమాని సొత్తు పాడుచేసినందుకూ, కుట్ర పన్నినందుకూ మూడు నెలలు అన్నాడు మేజిస్ట్రేటు. జైల్లో జనుము దంచే పని. జనుము వేసిన దిమ్మె మీద కొయ్య సుత్తి ఎత్తి దించడం, ఎత్తి దించడం. పీచు దుమ్ము గొంతుకు పట్టేసి, కొన్నాళ్లకే డామరిస్‌కు దగ్గు మొదలైంది. మొదటిసారి దగ్గినప్పుడు అలవాటుగా పక్కకు తిరిగి చూసింది. పక్కన ఎవరూ లేరు. ఆ దగ్గు తనదే.

నాలుగో వారం సోమవారం పొద్దున, జైలు తలుపు తీసి తొమ్మిది మందిని ఒక్కసారే లోపలికి తోశారు. డామరిస్ వాళ్లలో ఒక్కరినీ ఎరగదు. కానీ చూపుడువేళ్ల మీద దారం కోసిన గాట్లు చూసింది. నడి వయసు మనిషి ఒకామె వచ్చి పక్క దిమ్మె దగ్గర సుత్తి అందుకుంది.

"హాలిక్ షాపు డామరిస్సువి నువ్వేనా?"

"నేనే. మీరెక్కడివాళ్లు?"

"హోబర్న్. మా షాపులో సూదులు ఆపేశాం. మా తర్వాత ఫ్లీట్ వీధిలో రెండు షాపులు ఆగాయి. మీ నోరా ఊరంతా తిరుగుతోందిలే, ఆ ఫారం కంఠతా పట్టి. చదువు రాకపోయినా ఒక్క అక్షరం పోనివ్వదు." ఆమె సుత్తి ఎత్తింది. "మీ పేర్లు ఎనిమిదంట కదా. మావి పద్నాలుగు. రాసుకుంటావా?"

"ఇక్కడ కాగితం ఇవ్వరక్కా."

"కాగితం లేకపోతే చెవులు లేవా?"

కాపలాదారు గోడకు చేరగిలబడి కునుకు తీస్తున్నాడు. డామరిస్ తన సుత్తిని ఆమె సుత్తి వేగానికి సరిపెట్టుకుంది. "చెప్పండి" అంది.

"రూత్ ఆంబ్లర్" అంది ఆమె. సుత్తి పడింది.

"రూత్ ఆంబ్లర్" అంది డామరిస్.

మూడో దిమ్మె దగ్గర ఎవరో అదే పేరు అందుకున్నారు. తర్వాత నాలుగో దిమ్మె. పుస్తకాలతో ఏ సంబంధమూ లేని ఆడవాళ్లు, రొట్టె దొంగిలించినవాళ్లు, వీధిలో పట్టుబడ్డవాళ్లు. పేరు గది చివరిదాకా పోయింది. అక్కడ ఒక ముసలామె సుత్తి ఆపి, ఒక్క క్షణం తటపటాయించి, వాళ్లెవరికీ తెలియని పేరొకటి తనూ చెప్పింది.

గదంతా ఆ పేరు తిరిగి పలికింది.