తడి బొమ్మ

మొదటి షిఫ్టుకు మగవాళ్లు వెళ్లిపోయాక, గోదావరిఖని కాలనీలో ఆడవాళ్లు వాకిలి ఊడ్చి, గోడ మీది బొమ్మ చెంప ఒకసారి తాకి చూసి, ఆ వేలు కొంగుకు తుడుచుకుని చాయ్ పెట్టుకుంటారు. వేలికి తడి తగిలితే మనిషి బొగ్గుబావిలో క్షేమంగా ఉన్నట్టు. తస్లీమా వేసే నీటిరంగుల బొమ్మలు అంతే, బొమ్మలోని మనిషి బతికున్నన్నాళ్లు ఆరవు. ఆరితే ఇక ఏ డాక్టరూ వచ్చి చెప్పక్కర్లేదు.

ఈ విద్య వల్ల తస్లీమాకు ఒరిగింది తక్కువే. బడిలో డ్రాయింగు సారు చేతికి కుంచె ఇచ్చిన నాటి నుంచి ఆమెకు ఒకటే కోరిక, హైదరాబాదులో తన బొమ్మలు పదిమందీ చూడాలని. ఒకసారి మంచివి ఏరుకుని రైలెక్కింది. అక్కడివాళ్లు కాగితం నొక్కి చూసి, "ఆరాక తీసుకురామ్మా" అన్నారు. ఆరాక ఏమిటి, వాళ్ల మొహం! ఆమె తిరుగు రైలెక్కి రామగుండంలో దిగింది. ఆనాటి నుంచీ బొగ్గుదుమ్ము పడకుండా కిటికీలు మూసుకుని, ఆ ఉక్కలో, అడిగినవాళ్ల మగవాళ్లనందరినీ గీసింది.

సొంత మొగుణ్ణి మాత్రం గీయలేదు. "ఖనిల అందరి మొగుళ్లను గీసినవ్, నేనేం పాపం చేసిన?" అని ముఖీత్ పక్కింటి హర్షిణి ముందు ఆటపట్టించేవాడు. తస్లీమా నవ్వేసేది. గీస్తే రోజంతా గోడ తడుముతూ కూర్చోవాల్సి వస్తుందని ఆమె భయం. తెలియకపోతేనే సుఖమనుకుంది, పిచ్చిది.

మే నెలలో ఒక పొద్దున బావిలో పైకప్పు కూలింది. హర్షిణి భర్త కిషన్, ముఖీత్ ఇద్దరూ దాని వెనక చిక్కుకుపోయారు. రెస్క్యూ వాళ్లు రాళ్లు తీసినకొద్దీ పైనుంచి మళ్లీ కూలుతోంది. తీసేవాళ్ల ప్రాణాలకే భరోసా లేదు. సాయంత్రం ఆఫీసరు కిషన్ తల్లి పోశవ్వ దగ్గరికి వచ్చి, "బొమ్మ ఎట్లున్నదవ్వా?" అని అడిగాడు.

"తడిగనే ఉన్నది సారూ. ఆపకుండ్రి, మీ కాల్మొక్త."

వాళ్లు ఆపలేదు. ఇద్దరూ ఒకే చోట చిక్కారు కాబట్టి కిషన్ బొమ్మే ముఖీత్‌కూ దిక్కయింది.

మర్నాడు మధ్యాహ్నం పోశవ్వ కాసేపు ఎదురింటివాళ్ల దగ్గర కూర్చున్నప్పుడు తస్లీమా వాళ్లింట్లోకి వెళ్లి కిషన్ బొమ్మ చెంప తాకింది. వేలు పొడిగా వచ్చింది. నుదురు తాకింది, చొక్కా తాకింది. కాగితం అంచులు అప్పుడే ముడుచుకుంటున్నాయి.

కిషన్ ఆమె చేతి అన్నం తిన్నవాడు, నోరారా అక్కా అని పిలిచినవాడు. అతని కోసం ఏడవాల్సిన సమయంలో ఆమెకు ముఖీతే గుర్తొచ్చాడు. ఈ సంగతి పొక్కితే పొద్దుగూకేలోపు తవ్వడం ఆపేస్తారు. సిగ్గుతో చచ్చిపోతూనే సంచిలో కుంచె కోసం వెతికింది. తలెత్తితే గుమ్మంలో హర్షిణి, చేతిలో నీళ్ల చెంబు.

"పొద్దుగాల్నే ఆరిందక్కా" అంది హర్షిణి. "అత్తమ్మ చూడకముందే నేను తడిపిన. మళ్ల ఆరినట్టున్నది. నా వేళ్లతోని రంగు చెదురుతున్నది, నువ్వైతే మంచిగ తడుపుతవ్."

"నాకెందుకు చెప్పలే, హర్షిణీ?"

"చెప్తే నువ్వు ఏడుస్తవ్. నువ్వేడిస్తే అందరికి ఎర్కైతది." చెంబు ఆమె చేతిలో పెట్టింది. "ముఖీతన్న ఇంక లోపల్నే ఉన్నడు గదా. జల్ది కానియ్యి."

తస్లీమా అన్నేళ్లలో ఎన్ని చెంపలు వేసిందో, ఏ ఒక్కదానికీ అంత జాగ్రత్త పడలేదు. చనిపోయినవాడి ముఖానికి తడి పెట్టింది. పోశవ్వ వచ్చి వేలు పెట్టి చూసి, కొడుకు బతికే ఉన్నాడని చెప్పడానికి ఆ ఎండలో చెప్పులు లేకుండా బావికి పరుగెత్తింది. తస్లీమా, హర్షిణి ఒకరి ముఖం ఒకరు చూసుకోలేకపోయారు.

తస్లీమా కుంచెతో బొమ్మ దగ్గరే ఉండిపోయింది. హర్షిణి జడ వేసుకుని, పెద్ద బొట్టు పెట్టుకుని బావి దగ్గర ఆడవాళ్లలో కూర్చుంది. ఎవరో పులిహోర పెడితే తింది.

మరుసటి రోజు ఎండెక్కాక ముఖీత్‌ను స్ట్రెచర్ మీద పైకి తెచ్చారు. కాలు నుజ్జయింది, ఊపిరి ఉంది. కబురంది పరుగున వచ్చిన తస్లీమా అతనితో పాటే అంబులెన్సు ఎక్కింది.

"నా కొడుకేడి?" అని పోశవ్వ అడిగింది.

"ఎనుక తెస్తున్నరవ్వా" అన్నారు రెస్క్యూ వాళ్లు, ఆమె వైపు చూడకుండా.

పోశవ్వ ఆశగా బావి వైపే చూస్తూ నిలబడింది. అంబులెన్సు దవాఖాన దారి పట్టేదాకా హర్షిణి కూర్చున్న చోటు నుంచి కదల్లేదు. అది మలుపు తిరిగాక లేచి, కొంగుతో నుదుటి బొట్టు తుడుచుకుని, అత్త పక్కకు వెళ్లి ఆమె చేయి పట్టుకుంది.