పెద్దకోడలి కడుపుమంట

పెద్దకోడలు చిన్నకోడల్ని చూసి లోలోపల ఉడికిపోతోందని బయటివాళ్ళెవరికీ తెలీదు. తెలిసేలా ఆవిడ ఏనాడూ మసలలేదు. ఎదురుపడితే నవ్వేది. తలనొప్పంటే మాత్ర ఇచ్చేది. తోడికోడలి కూతురికి తన కొడుకుతో సమానంగా, ఒక్కోసారి వాడికంటే ముందే, కంచంలో వడ్డించేది. కానీ సాయంత్రం మెట్ల మీద బూట్ల చప్పుడు కాగానే ఆ పిల్ల చేతిలో ముద్ద వదిలేసి "అమ్మొచ్చింది!" అని పరిగెత్తేది చూడండి, అప్పుడు మాత్రం కడుపులో ఎవరో అగ్గిపుల్ల గీసినట్టుండేది.

అన్నదమ్ములిద్దరివీ ఒకే బిల్డింగులో ఇళ్ళు. పెద్దవాళ్ళు అత్తగారితో కలిసి మొదటి అంతస్తులో, చిన్నవాళ్ళు సరిగ్గా వాళ్ళ నెత్తి మీద. అన్నగారిది మందుల షాపు. తమ్ముడిది ఊళ్ళు తిరిగే ఉద్యోగం. ఇక చిన్నకోడలు లిఫ్టు మెకానిక్. నవ్వులాట కాదు, నిజంగానే. నీలం చొక్కా, ప్యాంటు, కాలివేళ్ళ మీద ఇనుప తొడుగున్న బూట్లు, భుజాన పనిముట్ల సంచీ. పెద్ద పెద్ద ఆఫీసుల్లో లిఫ్టు మొరాయిస్తే ముందు ఆమెకే ఫోనొస్తుంది. తాము ఉంటున్న బిల్డింగు లిఫ్టు కూడా కంపెనీవాళ్ళు ఆమెకే అప్పగించారు.

పెద్దకోడలికీ ఒకప్పుడు ఉద్యోగం ఉండేది. రక్తపరీక్షలు చేసే ల్యాబులో పని. మైక్రోస్కోపు ముందు కూర్చుంటే ఆకలి కూడా గుర్తొచ్చేది కాదు. కొడుకు పుట్టాక అత్తగారు "ఊరందరి రక్తంలో పురుగులు వెతకడానికి నువ్వే దొరికావా? నీ రక్తం పంచుకు పుట్టినవాణ్ణి చూసుకో" అంది. మొగుడు నీళ్ళు నమిలాడు. ఆవిడ మానేసింది. మానేశాక దాన్నే కిరీటంలా నెత్తిన పెట్టుకుంది. "పిల్లలు ప్రయోజకులవ్వాలంటే తల్లి ఇంటిపట్టున ఉండాలండీ" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేది.

కొన్నేళ్ళకి చిన్నకోడలొచ్చింది. ఆమెకి కూతురు పుట్టినప్పుడు అత్తగారు మళ్ళీ ఆ పాటే ఎత్తుకోబోయింది. "అత్తయ్యా, ఇంట్లో కూర్చుంటే నాకు పిచ్చెక్కుతుంది. పిల్లని అక్క చూస్తానంటే సంతోషం, లేదంటే ఇంకో దారి వెతుక్కుంటాను" అని నవ్వుతూనే చెప్పి, బూట్లు తొడుక్కుని వెళ్ళిపోయింది చిన్నకోడలు. అంతే. ఇల్లేమీ కూలిపోలేదు. పైగా ఇప్పుడు అత్తగారే చుట్టాలకి ఫోన్లు చేసి "మా చిన్నది ఒక్కరోజు మంచం పడితే ఊళ్ళో సగం మంది మెట్లెక్కి చావాల్సిందే" అని మురిసిపోతుంటుంది. అది వింటున్నంతసేపూ వంటింట్లో గిన్నెలు కాస్త గట్టిగానే మోగేవి. ఇంత సులువా? తను కూడా అలా నవ్వుతూ ఒక్కమాట అనేసి ఉంటే సరిపోయేదా? ఆ ప్రశ్న ఎవర్నీ అడగలేదు పెద్దకోడలు. అవునని జవాబొస్తుందేమోనని భయం.

ఆవిడ కొడుక్కి మూతి మీద నూగు మొలుస్తున్నా ఇంట్లో ఇంకా చంటే. చిన్నకోడలి కూతురు మూడో తరగతి, పుల్లలా ఉండి గలగలా వాగుతుంది కాబట్టి పిచ్చుక. చంటి చెడ్డవాడు కాదు, కానీ అబద్ధం వాడి నోట్లోంచి తడుముకోకుండా వస్తుంది. పిచ్చుక గ్లాసు పగలగొడితే పెంకులు చేత్తో పట్టుకుని మరీ వచ్చి "పెద్దమ్మా, నేనే" అంటుంది. చూసినవాళ్ళు "ఎంతైనా ఆ తల్లి పెంపకం" అనేవాళ్ళు. ఏ తల్లి? పొద్దున వెళ్ళి పొద్దుగూకాక వచ్చే తల్లా? నడక నేర్పిందెవరు, చెంచా పట్టించిందెవరు? తప్పు చేస్తే దాచకూడదు, ఒకరి మీద చాడీలు చెప్పకూడదు అని చెవిలో ఇల్లు కట్టుకుని పోరిందెవరు? పెంపకం ఇక్కడ, పేరు అక్కడ.

ఇలా ఉండగా, బడికి ఒంటిపూట సెలవిచ్చిన రోజున ఆ గొడవ జరిగింది.

పెద్దకోడలు కూరగాయల సంచీతో వస్తోంది. కింద లిఫ్టు దగ్గర చంటి, వాడి స్నేహితులు గొంతుక్కూర్చుని నవ్వుకుంటున్నారు. తల్లిని చూడగానే వాడు లేచి "పెన్ను పడిందమ్మా" అన్నాడు. ఆవిడ మెట్లెక్కి వెళ్ళిపోయింది. కూరగాయలు సర్దుకుంటుండగానే కేకలు వినపడ్డాయి. మూడో అంతస్తు టీచరమ్మ లిఫ్టులో ఇరుక్కుపోయింది. లెక్కలు చెప్పి రిటైరైన పెద్దావిడ, మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కలేని మనిషి. రెండు అంతస్తుల మధ్య లిఫ్టు ఆగిపోయింది, లోపల దీపం కూడా ఆరిపోయింది. చిన్నకోడలు ఎక్కడో పనిలో ఉన్నదల్లా స్కూటరు మీద పరిగెత్తుకొచ్చి, పైకప్పు మీది మోటారు గదిలోకెక్కి, చేత్తో చక్రం తిప్పుతూ లిఫ్టుని కిందికి దింపి తలుపు తీసింది. టీచరమ్మ బయటికొచ్చి నేల మీద కూలబడింది. చెమటతో బట్టలు ఒంటికి అంటుకుపోయాయి.

చంటి వంటింట్లోకొచ్చి తల్లి పక్కన నిలబడ్డాడు. మొహంలో నెత్తురు లేదు.

"అమ్మా, తలుపు జారే గాడిలో గులకరాయి పెట్టాం. మూసుకోలేక గింజుకుంటుంటే చూసి నవ్వుదామని. అది రాయిని ఇరికించుకునే మూసుకుని, పైకెళ్ళి ఆగిపోయింది. ఆవిడెక్కుతుందని అనుకోలేదమ్మా."

"ఎవరైనా చూశారా?"

ఆవిడ నోట్లోంచి వచ్చిన మొదటి మాట అది.

"లేదనుకుంటా."

"అయితే నోరు మూసుకో. ఎవరితోనూ అనకు."

ఆ రాయి కాస్తా తలుపు తీసేటప్పుడు ఎక్కడో కింద పడిపోయినట్టుంది, దొరకలేదు. కింద జనం పోగయ్యారు. "మొన్ననే కదా ఈవిడ చూసి బాగుందంది!" అన్నారొకరు. "సొంత బిల్డింగే కదా అని పైపైన చూసి వదిలేసుంటుంది" అన్నారు ఇంకొకరు. "ఇల్లూ పిల్లా అన్నీ ఒకరి నెత్తిన రుద్ది తిరిగే మనిషికి పని మీద మాత్రం ధ్యాసెక్కడుంటుంది?" అంది ఎదురింటావిడ. చిన్నకోడలు మోచేతిదాకా గ్రీజుతో నిలబడి, "నేను సరిగ్గానే చూశాను. ఎందుకాగిందో కనుక్కుంటాను" అని మాత్రం అంది.

పెద్దకోడలు కిందికి దిగి అవన్నీ విన్నది. కొడుకుని కాపాడుకోవాలన్నది ఒకటి, అది నిజమే. కానీ ఆ మాటలు చెవిన పడుతుంటే ఎండలో నడిచొచ్చి చల్లటి నీళ్ళు తాగినట్టుండటం ఇంకొకటి. ఎదురింటావిడ "మీరేమంటారండీ?" అని అడిగింది. ఆవిడ నిట్టూర్చి, "ఏమంటాం? పాపం రోజంతా తిరుగుడే. ఎన్నని చూసుకుంటుంది చెప్పండి" అంది. అంతకన్నా పదునైన మాట ఆరోజు అక్కడ ఇంకెవరూ అనలేదు.

సాయంత్రం పిచ్చుక వంటింటి గడప దగ్గర నిలబడింది.

"పెద్దమ్మా, అన్నయ్య రాయి పెట్టాడు. నేను చూశాను."

పెద్దకోడలు గరిటె పక్కన పెట్టింది. "అమ్మకి చెప్పావా?"

"లేదు. చాడీ అవుతుంది కదా. అన్నయ్యనే చెప్పమను పెద్దమ్మా."

"అవును, చాడీయే అవుతుంది. చాడీలు చెప్పేవాళ్ళంటే నాకిష్టం ఉండదని తెలుసుగా? ఇక ఆ మాటెత్తకుండా తిను."

పిల్ల కంచం వైపు చూసింది, పెద్దమ్మ వైపు చూసింది. తినలేదు.

మర్నాడు పిచ్చుక బడి నుంచొచ్చి పెద్దమ్మ ఇంటికి రాలేదు. పై అంతస్తులో తాళం వేసిన తలుపు ముందు, ఒళ్ళో సంచీ పెట్టుకుని కూర్చుంది. "ఇదేంటే, రా" అంటే "ఆకలి లేదు పెద్దమ్మా" అంది. ఆ తర్వాత రోజు టీచరమ్మ ఆ పిల్లని చూసి తనింట్లోకి పిలుచుకుంది. మూడో అంతస్తు కిటికీలోంచి ఎక్కాలు వల్లెవేస్తున్న గొంతు వినపడుతుంటే పెద్దకోడలు బట్టలారేస్తూ ఆగిపోయింది. ఇన్నాళ్ళూ ఆ గొంతు తన వంటింట్లో ఉండేది. ఇప్పుడు కొత్తగా టీచరమ్మని చూసి కూడా కుళ్ళుకోవాల్సొచ్చింది.

ఈలోగా కంపెనీ చిన్నకోడలిని సంజాయిషీ అడిగింది. విషయం తేలేదాకా ఒంటరిగా పని ఇవ్వరట. తను పని నేర్పిన కుర్రమెకానిక్ వెనకాలే సంచీ మోస్తూ తిరగాలట. ఆ కబురు అత్తగారు భోజనాల దగ్గర చెప్పింది. చంటి ముద్ద మింగి, "పిన్ని బోల్టు సరిగ్గా బిగించలేదట నానమ్మా. మా ఫ్రెండు వాళ్ళ నాన్న చెప్పాడు" అన్నాడు. రెప్ప కూడా వెయ్యలేదు. ఆ మాట అనేసి తల్లి వైపు చూశాడు.

ఆ చూపేమిటో పెద్దకోడలికి తెలిసిపోయింది. దొరికిపోతానన్న భయం ఆ చూపులో లేదు. బహుమతి తెచ్చిచ్చినవాడు 'బాగుందా?' అని చూసినట్టుంది. తన కడుపులో ఏముందో వాడు ఎప్పుడో చదివేశాడు. తల్లి దేనికి సంతోషిస్తుందో తెలుసుకుని అదే తెచ్చి పెడుతున్నాడు. ఉద్యోగం వదులుకుని, ఇంటిపట్టున ఉండి తను పెంచింది దీన్నా?

మర్నాడు పిల్లలు బడికి వెళ్ళగానే బయల్దేరింది. చిన్నకోడలు ఆ రోజు ఒక ఆఫీసు బిల్డింగులో పని చేస్తోంది. పైకప్పు మీద మోటార్ల గది. లోపల వేడి, నూనె వాసన. కుర్రమెకానిక్ వంగి ఏదో విప్పుతున్నాడు, చిన్నకోడలు వెనక నిలబడి టార్చి పట్టుకుంది. "ఇది ఎటు తిప్పాలక్కా?" అని వాడు అడిగాడు. ఆమె చెప్పింది. శిక్ష పడ్డ మనిషినే అడిగి పని చేసుకుంటున్నారు. అంత సిగ్గులోనూ పెద్దకోడలికి చురుక్కుమంది.

గది బయటికి పిలిచి, దాచకుండా చెప్పింది. రాయి సంగతి, తను వాడి నోరు మూయించిన సంగతి.

"పిచ్చుకకి తెలుసా?" అని అడిగింది చిన్నకోడలు.

"తెలుసు. దాని నోరూ నేనే మూయించాను."

చిన్నకోడలి మొహం కందగడ్డలా అయింది. "ఈ ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కుంటానక్కా. కానీ దాన్ని మీ చేతుల్లో పెట్టి ధైర్యంగా వెళ్ళేదాన్ని. ఇన్ని రోజులుగా అది నా మొహంలోకి చూడట్లేదు. ఏదో పెంకితనం అనుకుని నిన్న రెండు దెబ్బలు కూడా వేశాను." చేతిలోని టార్చి ఆర్పేసింది. "ఎందుకు చేశారు?"

"చంటి కోసం" అంది పెద్దకోడలు. అది సగమే. మిగతా సగం గొంతుదాకా వచ్చి ఆగిపోయింది.

"నాకు చెప్తే ఏం లాభం? టీచరమ్మకి చెప్పాలి. అది కూడా మీరు కాదు, వాడు." అనేసి మళ్ళీ లోపలికెళ్ళి టార్చి వెలిగించుకుంది. వెళ్ళమనలేదు, ఉండమనలేదు.

బడి నుంచి రాగానే విషయం చెబితే చంటి ఎగిరిపడ్డాడు. "నువ్వే కదమ్మా వద్దన్నావు!"

"అన్నాను. అది కూడా చెప్తాను. పద."

టీచరమ్మ తలుపు తీసేసరికి లోపల పిచ్చుక లెక్కలు చేసుకుంటోంది. చంటి కాలివేళ్ళు చూసుకుంటూ చెప్పాడు. పెద్దకోడలు "వీడు ఆరోజే నాకు చెప్పాడండీ. దాచమన్నది నేను" అంది. టీచరమ్మ చంటి వైపు తిరిగింది.

"లోపల దీపం ఆరిపోయాక ఏమనుకున్నానో తెలుసా బాబూ? ఇక్కడే ప్రాణం పోతే, నన్ను చివరిసారి చూసింది ఎవరా అని." చంటి భోరుమన్నాడు. ఆవిడ ఊరుకోమనలేదు. "రేపు కింద అందర్నీ పిలుస్తాను. వాళ్ళకి కూడా చెప్పు" అని తలుపు వేసుకుంది.

చెప్పారు. కొందరు మొహం తిప్పుకున్నారు. చంటి తండ్రి తలెత్తకుండా షాపుకి వెళ్ళిపోయాడు. కంపెనీ చిన్నకోడలి పని ఆమెకి తిరిగి ఇచ్చేసింది. ఇంట్లో అత్తగారు మాత్రం ఊరుకోలేదు. "పిల్లాణ్ణి చూసుకోమని ఉద్యోగం మాన్పిస్తే, ఇదా నువ్వు చూసుకున్నది?"

పెళ్ళయ్యాక మొదటిసారి పెద్దకోడలు ఆవిడకి ఎదురుచెప్పింది. "మాన్పించడం మీ తప్పు అత్తయ్యా. మానెయ్యడం నా తప్పు. వాడికి వాటితో సంబంధం లేదు. వాణ్ణి నేనే చెడగొట్టాను, నేనే బాగుచేసుకుంటాను."

అత్తగారు టీవీ సౌండు పెంచింది.

చిన్నకోడలు చాలా రోజులు పలకలేదు. మెట్ల మీద ఎదురైతే పక్కకి జరిగి దారిచ్చేది, అంతే. పిచ్చుకే ముందు వచ్చింది. ఒకరోజు బడి నుంచి నేరుగా వచ్చి, ఏమీ జరగనట్టు కూర్చుని, "పెద్దమ్మా, ఆకలి" అంది. వడ్డిస్తుంటే మాత్రం ఒకటి రెండుసార్లు పెద్దమ్మ మొహంలోకి పరీక్షగా చూసింది. ఆ చూపుని పెద్దకోడలు ఓర్చుకుంది. అది తనకి రావాల్సిందే.

ఆ సాయంత్రం చంటి గిన్నెలు తుడిచి పెడుతూ, ఎప్పటి నుంచో దాచుకున్నట్టు అడిగాడు.

"అమ్మా, నీకు పిన్నంటే కుళ్ళు కదా?"

లేదని చెప్పడం ఎంత తేలికో ఆవిడకి తెలుసు. ఆ మాట నాలుక చివరే ఉంది.

"అవున్రా" అంది.

"ఇప్పుడు కూడానా?"

"ఇప్పుడు కూడా. పొద్దున ఆ సంచీ భుజాన వేసుకుని వెళ్తుంటే చూశాను. కడుపు భగ్గుమంది."

వాడు ఆ గిన్నెనే మళ్ళీ తుడిచాడు. "మరి పిన్నికి చెప్పావా ఈ సంగతి?"

"లేదు. ఇదొక్కటీ చెప్పలేకపోయాను."

"నన్నయితే బిల్డింగంతటి ముందూ చెప్పించావు!"

"నీ రాయి గాడిలో పడింది కాబట్టి తొందరగా బయటికొచ్చింది నాయనా. నాది ఎన్నో ఏళ్ళుగా లోపల కూరుకుపోయింది. కొంచెం టైం ఇవ్వు."

చంటి నవ్వు ఆపుకోబోయి ఆపుకోలేకపోయాడు. ఆవిడకీ నవ్వొచ్చింది, కానీ కళ్ళు తుడుచుకోవాల్సొచ్చింది. పైన ఎవరో కుర్చీ జరిపిన చప్పుడైంది. తల్లీకొడుకులిద్దరూ ఒక్క క్షణం పైకప్పు వైపు చూసి, మళ్ళీ గిన్నెల్లో పడ్డారు.