ముప్ఫై ఒక్క రేకులు

నేను ఒక బల్లను. బడిలో ఉండే నల్లబల్లను కాను; భీమవరంలో రొయ్యల ఎగుమతిదారుల సంఘం ఆఫీసులో, అధ్యక్షుడి కుర్చీ వెనక గోడకు వేలాడే టేకు బల్లను. మా ప్రాంతం నుంచి జపానుకు ఎన్ని కంపెనీలు రొయ్యలు పంపుతున్నాయో చెప్పడం నా ఉద్యోగం. జీతం లేదు, సెలవూ లేదు.

నన్ను చేసిన వడ్రంగి నా ఒంటినిండా నలభై మేకులు కొట్టాడు. ఒక్కో మేకుకు ఒక్కో కంపెనీ పేరు రాసిన రేకు. ఎవరి మొదటి కంటైనరు ఓడెక్కినా ఆఫీసులో కొబ్బరికాయ కొట్టి, ఆ రేకుకు పసుపు రాసి, బొట్టు పెట్టి తగిలించేవారు. పంపడం మానేసిన వాళ్ళ రేకు తీసెయ్యాలని నియమం. అడుగున సుద్దముక్కతో మొత్తం అంకె. తొమ్మిదితో మొదలై ముప్ఫై ఒకటికి చేరాను. అంకె పెరిగిన రోజున మనుషుల ముఖాలు చూడాలి మీరు! ఆ రొయ్యల్ని తామే కని పెంచినంత సంబరం.

తర్వాత చెరువులకు తెగులు తగిలింది. ఒక కంపెనీ మూతబడింది. దాని రేకు తియ్యడానికి గుమాస్తా కొండలరావు స్టూలెక్కాడు. అధ్యక్షుడు రామభద్రరాజు గారు కాఫీ గ్లాసు పక్కన పెట్టి కేకేశారు.

"ఏవయ్యా, బొట్టెట్టిన రేకు పీకేత్తావా? ఆ మనిషి ఇంకా బతికే ఉన్నాడు. రేపు మీటింగుకొచ్చి చూత్తే ఏవనుకుంటాడు? దిగు, దిగు."

కొండలరావు దిగాడు. ఆ తర్వాత ఏ కంపెనీ మూతబడినా మళ్ళీ స్టూలెక్కలేదు. ఆఫీసుకొచ్చిన యజమానులకు ఎవరి రేకు వాళ్ళు తుడుచుకునే అలవాటు. రానురాను తుడిచేవాళ్ళు పన్నెండుమందే మిగిలారు. పందొమ్మిది రేకులకు దుమ్ము పేరుకుంది. అడుగున అంకె మాత్రం ముప్ఫై ఒకటే.

నాకు భయం పట్టుకుంది. ఏటా పై ఆఫీసుకు పంపే జాబితాను కొండలరావు నన్ను చూసే రాస్తాడు. అందులో పేరుంటే ఆ కంపెనీ ఎగుమతి అనుమతి ఇంకో ఏడాది బతుకుతుంది. అంటే పనిచెయ్యని పందొమ్మిది కంపెనీల అనుమతులు, ఎవరు వాడుకున్నా అడిగే దిక్కు లేకుండా పడి ఉన్నాయి. నాకు నోరుంటే ఆ రోజే అరిచేదాన్ని.

సత్యవేణిది వీరవాసరం దగ్గర చిన్న ఫ్యాక్టరీ. అరవైమంది ఆడవాళ్ళు తెల్లారేసరికి వచ్చి రొయ్యలు ఒలిచేవారు. ఆమె అందరినీ పేరుపెట్టి పిలిచేది. వేసవిలో ఒక మధ్యాహ్నం కాగితం పట్టుకుని ఆఫీసులోకి దూసుకొచ్చింది. మూతబడ్డ ఒక కంపెనీ పేరు మీద ఎవరో దళారి, నిషేధించిన మందు వాడిన సరుకు పంపాడు. జపానులో పరీక్ష చేస్తే బయటపడింది. దాంతో మన వైపు నుంచి వెళ్ళిన కంటైనర్లన్నీ అక్కడ ఆపేశారు. అందులో ఆమెదీ ఉంది.

"మూడేళ్ళ కిందట మూసేసిన కంపెనీ కదండీ అది! దాని పేరు మీద సరుకెలా ఎళ్ళిందండీ?"

రాజుగారు కిటికీలోంచి రోడ్డు చూస్తూ కూర్చున్నారు. కొండలరావు నా వైపు చూశాడు. నేను ఎవరి వైపు చూడాలి?

నెలలు గడిచాయి. అక్కడ కొనేవాడు ఇక వద్దన్నాడు. ఆమె ఫ్యాక్టరీ ఆగిపోయింది. అరవైమందీ ఇళ్ళకు వెళ్ళిపోయారు. ఆమె మళ్ళీ రాజుగారి దగ్గరికి వచ్చింది.

"నా రేకు తీసెయ్యండి బాబాయ్ గారూ. లేపోతే నా పేరు మీద కూడా ఎవడో ఒకడు పంపేత్తాడు. ఎప్పటికన్నా మళ్ళీ తెరవాలంటే నాకా పేరొక్కటే మిగిలిందండి."

"అయ్యేం మాటలమ్మా! నీ చేత్తో పెట్టుకున్న బొట్టు. నీ చేత్తోనే తీసేసుకుంటావా?"

ఆమె గబగబా నా దగ్గరికి వచ్చింది. రేకు అంచు పట్టుకుంది. తియ్యి తల్లీ, తియ్యి అని నా ప్రాణం కొట్టుకుంది. బొట్టు మీద చూపు పడగానే వదిలేసింది. పైటచెంగుతో రేకు మీది దుమ్ము తుడిచి వెళ్ళిపోయింది. అంత ధైర్యం ఉన్న మనిషి కూడా ఒక బొట్టు ముందు ఓడిపోయింది.

రెండు నెలల తర్వాత, రేవు నుంచి వచ్చిన ఎగుమతుల కాగితాన్ని కొండలరావు పైకి చదువుతున్నాడు. సత్యవేణి కంపెనీ పేరు దగ్గర ఆగిపోయాడు. పోయిన వారం ఒక కంటైనరు.

"చూసేవా!" అన్నారు రాజుగారు ముఖమంతా నవ్వై. "నేను చెప్పలా? మళ్ళీ మొదలెట్టేసింది. మాటమాత్రం చెప్పలేదు, గడుసుది."

కొండలరావుది కూడా వీరవాసరమే. ఆ పొద్దున ఆమె ఫ్యాక్టరీ ముందునుంచే బస్సులో వచ్చాడు. గేటుకు తాళం అలాగే ఉందని ఆఫీసు తెరుస్తూ తనలో తాను గొణుక్కున్నాడు కూడా. ఇప్పుడు ఆ సంగతి నోట్లోనే ఉంచుకుని, కొత్త ఏడాది జాబితా కాగితం ముందు పెట్టుకుని, తలెత్తి నన్ను చూస్తూ ఒక్కో పేరూ రాయడం మొదలుపెట్టాడు.