అక్క కొట్టేసిన పేరా

ఇరవై రెండేళ్లుగా ప్రతి ఉదయం పూజలో, పోపుగారి పేరు తర్వాత వెంటనే బిషప్ అయిన తమ్ముడి పేరు వినడం అక్కకు అలవాటు. ఆ ప్రాంతంలోని ఏ చర్చిలోనైనా ఆ చోట బిషప్ పేరు చెప్పి ప్రార్థించాలి. ఆ రోజు ముసలి ఫాదర్ గారు అలవాటు కొద్దీ ఆ పేరు సగం పలికి నాలుక కరుచుకున్నారు. బిషప్ పోయింది ముందురోజు మధ్యాహ్నం. కొత్త బిషప్ వచ్చేదాకా అక్కడ ఎవరి పేరూ ఉండదు. ఫాదర్ గారు కళ్లద్దాలు సర్దుకుని, వాక్యం మళ్లీ మొదలుపెట్టి, ఈసారి పేరు లేకుండానే ఆ వాక్యం దాటేశారు. తమ్ముడు లేడన్న సంగతి అక్కకు నిజంగా తెలిసింది అప్పుడే.

పూజ అయ్యాక బిషప్ ఇంట్లో, ఆయన బల్ల దగ్గరే ఆమెను కూర్చోబెట్టి, సెక్రటరీ ఫాదర్ ఒక కాగితం ఇచ్చాడు.

"టీచరమ్మా, రేపు సమాధికి ముందు జీవిత చరిత్ర మీరే చదవాలి. ఒక్క పేజీ చాలు. తేదీలన్నీ ఇందులో ఉన్నాయి."

తేదీలకు వంక పెట్టడానికి లేదు. దర్జీ కొడుకు. పద్నాలుగో ఏట, ఫాదర్లను తయారుచేసే గురువిద్యాలయంలో చేరాడు. ఇరవై ఆరుకు ఫాదర్. పదకొండేళ్లు జైలు ఖైదీల మధ్య సేవ. నలభై ఎనిమిదికి బిషప్. వాడి చేత అక్షరాలు దిద్దించింది అక్కే. బిషప్ అయ్యాక కూడా, చర్చిలన్నిటికీ పంపే ప్రతి లేఖా ముందు ఆమె ఎర్రకలం కిందికి రావాల్సిందే. నలుగురిలో "బిషప్ గారూ, మీరు" అనేది. తలుపు మూస్తే, "ఒరేయ్, ఈ వాక్యానికి తలేది, తోకేదిరా?"

వంటమనిషి టీ తెచ్చి పెట్టింది. "ఆయనకి దేవుడంటే భక్తి, మీరంటే భయం అమ్మగారూ. మీ కవరొస్తే, టీ తాగి ధైర్యం తెచ్చుకున్నాకే విప్పేవారు."

అక్క నవ్వింది. నవ్వు మధ్యలోనే ఆగింది.

ఒక తేదీ సరిచూద్దామని అక్క తమ్ముడి ప్రార్థన పుస్తకం తెరిస్తే, అందులోంచి మడత కాగితం జారింది. కిందటేడు రాసిన లేఖలోని పేజీ. ఒక పేరా మీద అడ్డంగా తన ఎర్రగీత.

'నన్ను బిషప్‌గా అభిషేకించిన రోజు నేలమీద బోర్లా పడుకున్నాను. లేచి మోకరించాక, ఇద్దరు, యేసు మాటలున్న సువిశేష గ్రంథాన్ని తెరిచి నా తలపైన పట్టుకున్నారు. అది నన్ను తాకనే లేదు. అయినా మెడ వంగిపోయింది. మా నాన్న మోసిన బట్టల మూటలన్నీ కలిపినా అంత బరువు ఉండవు. లేచి పారిపోదామనుకున్నాను. ఆ బరువు ఇవాళ్టికీ దిగలేదు. మీలో ఎవరికైనా భయంగా ఉంటే, మీ బిషప్‌కూ ఉందని తెలుసుకోండి.'

పక్కన తన ఎర్ర అక్షరాలు: 'భయపడ్డానని బిషప్ రాయకూడదు. తీసెయ్.'

కింద పెన్సిలుతో ఆయన: 'అక్క తీసెయ్యమంది, తీసేశాను. కానీ ఇది నిజం.'

ఆ అభిషేకం రోజు ఆమె ముందు వరసలోనే ఉంది. వంగిన ఆ మెడను చూసి, వినయమనుకుని మురిసిపోయింది.

"ఫాదర్, దీన్ని అన్ని చర్చిల్లో చదివించండి."

సెక్రటరీ ఫాదర్ చదివి, కాగితం తిరిగి ఆమె చేతికే ఇచ్చాడు. "పోయినాయన పేరుతో లేఖ పంపే అధికారం మాకెవరికీ లేదమ్మా. రేపటి పేజీలో చేర్చండి. కొట్టేసింది మీరు. నిలబెట్టాల్సిందీ మీరే."

మర్నాడు చర్చి నిండి జనం మెట్ల మీద నిలబడ్డారు. అక్క తేదీలన్నీ తడబడకుండా చదివింది. ఆ పేరా దగ్గరికొచ్చి తలెత్తింది. ఎదురుగా శవపేటిక. దాని మీద, ఆనవాయితీ ప్రకారం, తెరిచిన సువిశేష గ్రంథం. ఇరవై రెండేళ్ల కిందట తాకకుండా పైన ఆగిన పుస్తకం ఇప్పుడు పూర్తిగా కిందికి దిగి ఉంది. గాలికి ఒక పేజీ దానంతటదే లేచి, నిలబడి, అవతలికి వాలింది.

అక్క మెడ తనకు తెలియకుండానే వంగింది. నలభై ఏళ్లు పిల్లలకు పాఠం చెప్పిన ఆమెకు ఆ పేరా పైకి చదవడం చేతకాలేదు. కాగితం మడిచి, వేదిక మెట్లు దిగి వచ్చేసింది.

ఆ పేరాను అక్క ఇప్పటిదాకా ఎవరికీ చదివి వినిపించలేదు.