జోజమ్మ ఫ్యాను

జోజమ్మ నేల మీద పడిపోయినా చేతిలోని మామిడిపండు వదల్లేదు. కత్తి మాత్రం ఎగిరి బల్ల కింద పడింది. తోటి కూలి కృపావతి ఆమె తలను ఒళ్లో పెట్టుకుని, "ఫ్యానెయ్యండి! ఎవరైనా ఫ్యానెయ్యండయ్యా!" అని గొంతు చించుకుని అరిచింది.

రేకుల షెడ్డు. మే నెల మిట్టమధ్యాహ్నం. గుజ్జు తీసే పల్పు మిషన్లన్నీ కలిసి హోరెత్తిపోతున్నాయి. పైన ఫ్యాన్లు మాత్రం రెక్కలు చాచి ఊరికే వేలాడుతున్నాయి. సూపర్‌వైజరు స్విచ్‌బోర్డు దాకా వెళ్లి ఆగిపోయాడు. మేనేజరుగారిని అడగాలన్నాడు. అడిగొచ్చేసరికి ఆ అవసరం తీరిపోయింది.

మైలవరం రోడ్డు మీదున్న ఆ ఫ్యాక్టరీ దశరథరామయ్యగారిది. నూజివీడు తోటల్లో పండిన కాయ అక్కడికి చేరితే, తొక్క తీసి కండ కోసేది వెనక పేటలోని ఆడవాళ్లు. అంతకుముందు వాళ్ల పని మధ్యాహ్నం మొదలై బాగా చీకటి పడ్డాక ముగిసేది. ఈ సీజను మొదట్లో మేనేజరు సందీప్ అందరినీ కూర్చోబెట్టి ఓ మాట చెప్పాడు.

"ఎండ బాగా ఉన్నప్పుడు సోలార్ కరెంటు పుష్కలంగా వస్తుందమ్మా, రేటు తక్కువ. సాయంత్రం అందరూ ఏసీలూ టీవీలూ పెడతారు కాబట్టి గ్రిడ్ మీద భారం పడుతుంది, రేటు ఎక్కువ. మన వాడకాన్ని పగటికి మార్చుకుంటే దేశానికీ మంచిది, మనకీ మంచిది. సాయంత్రానికల్లా మీరు ఇంటికెళ్లిపోవచ్చు."

ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. ఇక సాయంకాలం ప్రార్థనకు వెళ్లొచ్చని జోజమ్మ సంబరపడిపోయింది. ఆ ఆదివారమే తన ఇంట్లో కృతజ్ఞతా కూడిక పెట్టించి, పాస్టరుగారి చేత మేనేజరు బాబును పేరు పెట్టి మరీ దీవింపజేసింది. అందరికీ టీ, బూందీ పంచింది.

సందీప్ చెప్పిన దాంట్లో అబద్ధమేమీ లేదు. చెప్పకుండా దాచింది వేరే ఉంది. రోజంతా ఆడాల్సిన మిషన్లన్నీ ఆ కాసిని గంటల్లో ఒక్కసారే ఆడితే ఫ్యాక్టరీకి మంజూరైన కరెంటు లోడు దాటిపోతుంది, జరిమానా పడుతుంది. మిషను ఆపితే యజమానికి నష్టం. అందుకని ఫ్యాన్లు ఆపారు. అడిగితే, కాస్త ఓర్చుకోండమ్మా అన్నారు. ఎవరికి ఏ లాభం రావాలన్నా ఓర్చుకునే పని మాత్రం కూలివాళ్లదే కదా!

జోజమ్మ బల్లకు నేరుగా పైనున్న ఫ్యాను, తిరిగే రోజుల్లో కీచుకీచుమనేది. "నాకన్నా ముసలిది, నాకన్నా ఎక్కువ సణుగుద్ది," అని జోజమ్మ అందరినీ నవ్వించేది.

ఆ సాయంత్రం పేటలోకి వ్యాను వచ్చింది. జోజమ్మ కొడుకు నతానియేలు హైదరాబాదు నుంచి వచ్చేదాకా శవం పాడవకుండా దశరథరామయ్యగారు ఫ్రీజర్ బాక్సు పంపించారు. జోజమ్మను అందులో పడుకోబెట్టి, వైరు కలిపారు. పెట్టె గుయ్యిమంది. కృపావతి అద్దం మీద చెయ్యి ఆనించింది. చల్లగా తగిలేసరికి ఆమెకు దుఃఖం ఆగలేదు.

"ఒక్క ఫ్యానుకి లేని కరెంటు దీనికెక్కడిది, జోజమ్మ వదినా?" అని అద్దానికి తల ఆనించి ఏడ్చింది.

ప్రమీలారాణి కొంగుతో కళ్లు తుడుచుకుంది. షెడ్డులో జోజమ్మ పక్క బల్ల ఆమెదే. "ఎండదెబ్బకి ఆయనేం చేస్తాడు కృపా? మంచోడు కాబట్టే పెట్టె పంపాడు. సీజను పోతే మన పిల్లలు ఏం తింటారు?"

"మంచోడేనే. చచ్చినోళ్లకి మంచోడు."

"గొడవ పెట్టుకుంటే చింతలపూడి నుంచి వేరేవాళ్లని దింపుతారు."

"దింపితే వాళ్లు మాత్రం మనుషులు కారా? ఆ రేకుల కింద వాళ్లూ పడిపోతారు."

కృపావతి కూతురు దీవెన అందుకుంది. తనూ ఆ షెడ్డులోనే పండ్లు కోస్తుంది. "కరెంటు వాడే టైము మార్చుకోవచ్చని వాళ్లే చెప్పారుగా, పిన్నీ. అలాగే ఒక మిషను పొద్దున చల్లటి పూట ఆడించి, మధ్యాహ్నం ఆపమనండి. ఫ్యాన్లు తిరుగుతాయి. వాళ్ల లెక్కకి మనుషులు మారాలిగానీ మిషను మారకూడదా?"

ప్రమీలారాణి పెట్టె అద్దాన్ని కొంగుతో తుడిచింది. పెట్టె గుయ్యిమంటూనే ఉంది. "చప్పట్లు కొట్టినోళ్లలో నేనూ ఉన్నాను," అని తల దించుకుంది.

మర్నాడు పొద్దున నతానియేలు వచ్చాక సమాధి కార్యక్రమం అయింది. ఆడవాళ్లు ఇళ్లకు పోలేదు. తెల్లచీరల్లోనే ఖాళీ పెట్టెను మోసుకుంటూ ఫ్యాక్టరీకి నడిచారు. ముందు మూల పట్టుకున్నది ప్రమీలారాణి. షెడ్డులో జోజమ్మ నిలబడే చోట దాన్ని దించి చుట్టూ కూర్చున్నారు.

నిన్న కోసి చల్లగదిలో ఉంచిన పండుతో మిషన్లు ఆడుతూనే ఉన్నాయి. ఇవాళ్టి పండు క్రేట్లలో మగ్గుతోంది, ఈ పూట దాటితే పులిసిపోతుంది. ఒక్కరూ కత్తి పట్టలేదు.

దశరథరామయ్యగారు కారు దిగి వచ్చారు. "మీకేం తక్కువ చేశానమ్మా? పెట్టె కూడా పంపించానే!"

"అదే తెచ్చామండి," అంది కృపావతి. "తర్వాత ఎవరికి కావాలో మీరే చెప్పండి. లేదంటే మధ్యాహ్నం ఒక మిషను ఆపి ఫ్యాన్లెయ్యండి."

"నా ఫ్యాక్టరీలో ఏది తిరగాలో మీరు చెబుతారా?" ఆయన మొహం ఎర్రబడింది. సందీప్ తల పక్కకు తిప్పుకుని ఫోను తీశాడు.

మధ్యాహ్నానికి పోలీసులు వచ్చారు. ఎవరు మీ పెద్ద అని ఎస్సై అడిగాడు. కృపావతి లేచింది. దీవెన చెయ్యి పట్టుకోబోతే వద్దన్నట్టు చూసి, తనే నడుచుకుంటూ వెళ్లి జీపెక్కింది. పక్కన ఆడ కానిస్టేబులు కూర్చుంది. ఎక్కాక మాత్రం వెనక్కి తిరిగి షెడ్డు వైపు చూసింది. జోజమ్మ లేదు, రేపు కూలి లేదు, వెనక కూతురు ఒంటరిగా ఉంది.

గేటు తీసేదాకా జీపు ఆగింది. షెడ్డులో ఏవో కేకలు, తోపులాట. అంతలో హోరు సగం తగ్గింది. ఎవరో మిషను ఆపేశారు.

"స్విచ్‌బోర్డు చుట్టూ నిలబడండి! ఎవరూ కదలొద్దు!" అది దీవెన గొంతు. దాని వెనకే ప్రమీలారాణి గొంతు.

ఆ తర్వాత షెడ్డులోంచి చిన్నగా కీచుమని ఒక చప్పుడు మొదలైంది. ఒకసారి ఆగి, మళ్లీ అందుకుంది.

కృపావతి కొంగు నోట్లో కుక్కుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

"ఏంటమ్మా ఆ చప్పుడు?" అని అడిగింది కానిస్టేబులు.

"మా జోజమ్మ ఫ్యానండి," అంది కృపావతి.