చిగుళ్ళ మీద నెపం

మొగుడు తాగుడు మానేస్తే ఇల్లాలు సుఖపడుతుందని ఎవరన్నారో గాని, వాళ్ళింట్లో ఎవరూ మానేసి ఉండరు. తాగే రోజుల్లో మాస్టారు సాయంత్రం కాగానే గ్లాసు పట్టుకుని కిటికీ పక్క కుర్చీలో కూలబడేవాడు. ఆ కుర్చీ తప్ప మిగతా ఇల్లంతా ఇల్లాలిదే. ఇప్పుడు వంటిల్లు కూడా చేజారిపోయింది. నిమ్మకాయ పిండడానికి ఒక గిన్నె, గింజలు వడకట్టడానికి ఇంకో గిన్నె, అల్లం తురమడానికి పళ్ళెం, పుదీనా నలపడానికి చిన్న రోలు, దోసకాయ చక్రాలు కొయ్యడానికి చెక్క. ఇంతా చేసి చివరికి తేలేది ఒక గ్లాసుడు సోడా. సింకులో మాత్రం పదిమందికి వండి వడ్డించినన్ని అంట్లు.

"మీరు తాగినప్పుడే నయం. ఒక్క గ్లాసు కడిగితే పోయేది" అని ఆమె ఒకసారి అన్నది. ఆయన ఆ మాట శ్రద్ధగా విని, మర్నాటి నుంచి తన గ్లాసు ఒక్కటీ కడిగిపెట్టడం మొదలుపెట్టాడు. మిగతావి ఆమె వాటాకి వదిలేశాడు.

అల్లం ఇంత, నిమ్మ ఇంత అనే ఈ కొలతల పిచ్చి ఆయనకు వృత్తి నుంచి వచ్చింది. ఆయన బడిలో పాఠాలు చెప్పే మాస్టారు కాదు. కట్టుడు పళ్ళు తయారుచేస్తాడు. డాక్టర్లు పంపిన అచ్చుల్లో ప్లాస్టర్ పోసి, గట్టిపడ్డాక దాని మీద మైనంలో పళ్ళు ఒక్కొక్కటే పేరుస్తాడు. ఆయన ల్యాబులో బెంచీ మీద ఎప్పుడూ తెల్లటి దుమ్ము, గోడకున్న అరల్లో మనుషుల్లేని దవడలు వరసగా ఇకిలిస్తూ ఉంటాయి. ఎవరు ఎదురుపడినా ముందు నోటికేసి చూసి తర్వాత మొహానికేసి చూసే అలవాటు. వీధి వీధంతా పళ్ళ మాస్టారనేది. ఇల్లాలు వీధి కంటే ముందు నుంచే మాస్టారనేది, అయితే అందులో గౌరవం పాలు ఎంతో ఆమె ఎప్పుడూ తేల్చి చెప్పలేదు.

సాయంత్రాలు వంటింట్లో ఆమెకు ఒక పొయ్యి, ఒక మూల మిగిలాయి కాబట్టి వాళ్ళింట్లో రాత్రి భోజనం తరచూ నూడుల్స్ అయింది. ఒక గిన్నెలో ఉడకబెట్టి, ఒక బాణలిలో వెల్లుల్లీ, ఉల్లిపాయా, క్యాబేజీ, క్యారెట్టూ వేయించి, గుడ్డు కొట్టి, సోయా సాస్ చల్లి తిప్పితే అయిపోతుంది. ఆయన సోడా సిద్ధమయ్యేలోపు ఆమె భోజనమే సిద్ధమయ్యేది. ఆ సంగతి ఆమె రోజూ చెప్పేది కాదు. రోజు విడిచి రోజు చెప్పేది.

ఇంట్లో సంగతి ఇంత సరదాగా ఉన్నా, మధ్యలో ఒక ముల్లు ఉంది. ఆ ముల్లు మాస్టారి అక్క.

వాళ్ళమ్మ పోయాక ఆయన్ని పెంచింది ఆవిడే. బస్ స్టేషన్లో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదకు వస్తుందో చెప్పే ఉద్యోగం చేసి, ఆ జీతంతోనే తమ్ముణ్ణి ఒక పనివాణ్ణి చేసింది. ఆవిడ గొంతు వింటే నిద్రపోతున్న డ్రైవర్లు కూడా లేచి కూర్చునేవారట. రిటైరయ్యాక పళ్ళు ఊడిపోతే తమ్ముడే పూనుకుని కొత్త పళ్ళు చేసిచ్చాడు. అవి పెట్టుకున్న రోజు నుంచి ఆవిడ గొంతులో మైకు పోయి ఈల మిగిలింది. తినబోతే ముద్ద నోట్లో తిరుగుతుంది గాని తెగదు.

"పళ్ళు సరిగ్గా లేవురా" అంది ఆవిడ.

"పళ్ళు భేషుగ్గా ఉన్నాయక్కా. నీ చిగుళ్ళే తగ్గిపోయాయి. వయసు" అన్నాడు మాస్టారు.

"వయసు నాకొచ్చిందో, వణుకు నీకొచ్చిందో."

"పని తెలిసినవాణ్ణి నేనా నువ్వా?"

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. ఆ మూడు కాళ్ళ కుందేలును పట్టుకుని ఆయన అలాగే నిలబడ్డాడు. అక్క రావడం మానేసింది. రెండు వీధుల అవతలే ఇల్లు, అయినా ఇటు వైపు చూడటం లేదు. పోనీ ఇంకొకరి దగ్గర చేయించుకుందా అంటే అదీ లేదు. సొంత తమ్ముడు పళ్ళ మాస్టారై ఉండగా పరాయివాడి ముందు నోరు తెరిస్తే పరువేం కావాలి? జావా, పాలూ, చిదిమిన అరటిపండూ తింటూ చిక్కిపోతోంది. ఎవరైనా పలకరిస్తే తలూపి వెళ్ళిపోతోంది. ఊరందరికీ వినబడేలా మాట్లాడి బతికిన మనిషి, కూరగాయల కొట్లో వేలు పెట్టి చూపించి కొనుక్కుంటోంది.

ఆవిడ రాకపోకలు ఆగిన వారంలోనే మాస్టారి సీసాలూ ఇంట్లోంచి మాయమయ్యాయి. ఎందుకు మానేశాడో ఆయన చెప్పలేదు, ఇల్లాలు అడగలేదు. అక్కకు పళ్ళ కొలత తీసిన రోజు మధ్యాహ్నం ఆయన ల్యాబు నుంచి అన్నానికి వచ్చినప్పుడు, ఆయన దగ్గర వచ్చిన వాసన పుదీనాది కాదని మాత్రం ఆమెకు గుర్తుంది. ఆ మాట తను అంటే దెప్పడమవుతుంది. ఆయన అంటేనే ఒప్పుకోవడమవుతుంది. ఆయన సోడాలో అల్లం ఎంత వెయ్యాలో వెతుక్కున్నంత శ్రద్ధగా ఆ మాట కోసం మాత్రం వెతుక్కోవడం లేదు. అలా వదిలేస్తే వదిన జావ తాగుతూనే కడతేరేలా ఉంది.

అందుకని ఒక ఆదివారం పొద్దున ఇల్లాలు ఫోన్ చేసింది.

"వదినా, ఈ సాయంత్రం భోజనానికి రండి. నూడుల్స్ చేస్తున్నాను."

"వాడుంటాడా?"

"ఉంటారు. ఆయన ఇల్లే కదా ఇదీ."

అటువైపు కొంచెంసేపు ఈల లాంటి ఊపిరి. "ఇంకా తాగుతున్నాడా?"

"రోజూ. నా వంటిల్లు గుల్ల చేసి మరీ. నేను చెబితే మీరు నమ్మరు గాని, వచ్చి మీ కళ్ళతో చూడండి."

తమ్ముణ్ణి తిట్టే అవకాశం ఏ అక్కా వదులుకోదు. ఆవిడ చీకటి పడకముందే గుమ్మంలో ఉంది.

మాస్టారు అప్పుడే రెండో విడత అల్లం రసం వడకడుతున్నాడు. అక్కను చూసి, "రా అక్కా" అని, జల్లెడను ఇంకోసారి దులిపాడు. ఆవిడ వచ్చి బల్ల ముందు కూర్చుంది. బల్ల మీద పొడుగాటి గ్లాసులో బంగారు రంగు ద్రవం నురగలు కక్కుతోంది. ఆవిడ దాన్ని చూసి, మరదల్ని చూసి, పెదవి బిగించింది.

"అది నీకే అక్కా" అన్నాడు మాస్టారు.

"నన్ను కూడా దించుదామనా?"

"వాసన చూడు."

ఆవిడ గ్లాసును ముక్కు దగ్గరకు తీసుకుంది. పోలీసు కుక్కలా రెండు సార్లు పీల్చింది. ఒక చుక్క నాలుక మీద వేసుకుని, ఇంకో చుక్క వేసుకుని, ఆ తర్వాత గుక్కెడు తాగింది.

"ఏముంది ఇందులో?"

"అల్లం, నిమ్మ, పుదీనా. కాసిని మిరియాలు. తేనె. సోడా."

"ఇంకా?"

"ఇంకేం లేదు."

"నిజం చెప్పు."

"ఉప్పు" అన్నాడు మాస్టారు, నేరం ఒప్పుకున్నట్టు.

వదిన ఇల్లాలి వైపు తిరిగింది. "రోజూ తాగుతున్నాడన్నావు?"

"తాగుతున్నారుగా. కొన్ని రోజులు చల్లారిన టీలో నారింజ రసం కలుపుతారు. దానికి వేరే జల్లెడ."

వదిన గ్లాసు ఖాళీ చేసి, అడుగున ఉన్న పుదీనా ఆకును చెంచాతో తీసి పక్కన పెట్టింది. తమ్ముడి చేతికేసి ఒకసారి చూసింది. జగ్గులోంచి మళ్ళీ గ్లాసు నింపుతున్నప్పుడు ఆ చెయ్యి వణకలేదు. ఆ సంగతి ఆవిడా చూసింది, ఆవిడ చూడటాన్ని ఇల్లాలూ చూసింది. అంతటితో అయిపోయేదే. తాగుడు సంగతి తేలిపోయింది కాబట్టి కాసేపు వానల గురించీ, పక్కింటివాళ్ళ గురించీ మాట్లాడుకుని, అసలు సంగతి ఎత్తకుండానే విడిపోయేవాళ్ళు. ఆ ఇంటి రక్తం అలాంటిది. తప్పు కిందపడితే దాని మీదుగా దాటి వెళతారు గాని, ఎవరూ వంగి తియ్యరు.

ఇల్లాలు వంటింట్లోకి వెళ్ళి నీళ్ళు పొయ్యి మీద పెట్టింది. మాస్టారు వెనకాలే వచ్చాడు.

"విరిచి వెయ్యి. మెత్తగా ఉడకనియ్యి. అక్క తినాలి కదా" అన్నాడు మెల్లగా.

రోజూ ఆమె నూడుల్స్‌ను రెండుగా విరిచే వేస్తుంది. ఇవాళ పొట్లం విప్పి పొడుగ్గా అలాగే నీళ్ళలోకి జార్చింది.

"ఏమోయ్, విరవమన్నానుగా."

"ఎందుకండీ? పళ్ళు భేషుగ్గా ఉన్నాయన్నారుగా. తగ్గినవి చిగుళ్ళు. చిగుళ్ళతో నూడుల్స్ కొరకరు కదా."

మాస్టారు జల్లెడ కడగడానికి తిరిగాడు. ఆ ఇంట్లో ఆయన జల్లెడ కడగడం అదే మొదలు.

ఆమె రోజూకంటే కాస్త ముందే దించి వార్చింది. బాణలిలో వెల్లుల్లి ఎర్రబడ్డాక కూరగాయలు వేసి, అవి ఇంకా కరకరలాడుతుండగానే నూడుల్స్ కలిపింది. గుడ్డు, సాస్, పైన మిరియాలు. మూడు పళ్ళాల్లో పెట్టి తెచ్చేసరికి అక్కాతమ్ముళ్ళ కబుర్లు వానలు దాటి పక్కింటివాళ్ళ వరకు వచ్చి ఉన్నాయి.

వదిన ఫోర్కుకు నూడుల్స్ చుట్టి నోట్లో పెట్టుకుంది. సగం లోపలికి వెళ్ళాయి, సగం బయట వేలాడాయి. ఆవిడ కొరికింది. వేలాడుతున్నవి వేలాడుతూనే ఉన్నాయి. మళ్ళీ కొరికింది. తెగలేదు. నాలుకను ముందుకు తోసి, పెదవులతో నొక్కి లాగబోయింది. చివరకు చెంచా అంచుతో పళ్ళెంలోనే తరగడం మొదలుపెట్టింది, పసిపిల్లకు అన్నం పిసికినట్టు.

"బాగుందమ్మాయ్" అంది, కళ్ళెత్తకుండా.

మాస్టారి ఫోర్కు గాలిలో ఆగిపోయింది. ఆయన అక్క మొహానికేసి చూడటం లేదు. నోటికేసి చూస్తున్నాడు, ల్యాబులో చూసే చూపు.

"అక్కా, ముందు పళ్ళతో కొరుకు."

"కొరుకుతూనే ఉన్నానుగా."

"వెనక పళ్ళు తగులుతున్నాయా?"

"అవే తగులుతాయి. గట్టిగా. దవడ నొప్పెట్టేదాకా."

ఆయన కుర్చీ జరిపి అక్క పక్కకు వచ్చాడు. తన పళ్ళెంలోంచి ఒక నూడుల్‌ను తీసి, "నోరు కొద్దిగా తెరు" అన్నాడు. ఆవిడ తెరిచింది. దాన్ని ముందు పళ్ళ మధ్య అడ్డంగా పెట్టి, "ఇప్పుడు మూసి బిగబట్టు" అన్నాడు. ఆవిడ మెడ నరాలు పొంగేలా బిగబట్టింది. ఆయన రెండు వేళ్ళతో చివర పట్టుకుని లాగాడు. నూడుల్ ఎక్కడా చిక్కుకోకుండా, నలక్కుండా, పెట్టినది పెట్టినట్టే జారి వచ్చేసింది.

ఆయన దాన్ని దీపానికి ఎత్తి చూశాడు. దాని మీద పంటి గాటు లేదు.

చిగుళ్ళు తగ్గితే పళ్ళు వదులవుతాయి, కదులుతాయి, ఊడి చేతిలోకి వస్తాయి. అంతేగాని, వెనక పళ్ళు గట్టిగా తగులుతూ ముందు పళ్ళు కలవకుండా ఉండవు. అది కొలత తీసినవాడి పని. ఇన్నేళ్ళు ఆ ఇంట్లో కాపురం చేసిన ఇల్లాలికే ఆ ముక్క తెలుసు, ఆయనకు తెలియకపోవడమేమిటి?

"పళ్ళు ఒకసారి తీసివ్వక్కా, చూస్తాను."

"ఇవ్వను" అంది వదిన. ఈల వినబడుతున్నా ఈసారి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. "పట్టుకెళ్ళి గుట్టుగా అరగదీసి తెచ్చి, చిగుళ్ళు కుదుటపడ్డాయక్కా అంటావు. నాకు తెలియదా నీ సంగతి? గుడ్డు కొట్టుకుతిని పిల్లి మీద చెప్పినప్పటి నుంచీ ఎరుగుదును. ఇప్పుడు నువ్వు చూసిందేంటో ముందు చెప్పు."

"అంటే, చిగుళ్ళు కూడా కొంత..."

"కొంత?"

మాస్టారు పెళ్ళాం వైపు చూశాడు. ఆమె పళ్ళెంలో క్యారెట్ ముక్కలు ఏరుకుంటోంది. వాటిలో చూడదగ్గది ఏముందో గాని తల మాత్రం ఎత్తలేదు. ఆయన గ్లాసు అందుకుని మొహానికి అడ్డంగా ఎత్తాడు. వెనకటి రోజుల్లో ఇలాంటి సమయానికి గ్లాసులో దాక్కోవడానికి చోటుండేది. అల్లం సోడాలో అంత లోతు లేదు. అవతలి వైపు నుంచి అక్క స్పష్టంగా కనబడుతూనే ఉంది. చిక్కిపోయిన చెంపలు, ముందు పళ్ళ మధ్య సన్నటి చీకటి సందు.

ఆయన గ్లాసు దించాడు.

"చిగుళ్ళు బాగానే ఉన్నాయి" అన్నాడు. "ఆ రోజు కొలత కోసం మైనం కొరకమన్నప్పుడు నువ్వు దవడ ముందుకు పెట్టి కొరికావు. చాలామంది అలాగే కొరుకుతారు, అప్పుడు మైనం కరిగించి మళ్ళీ తియ్యాలి. నాకు కనబడింది కూడా. అయితే అప్పటికి నేను తాగి ఉన్నాను. మళ్ళీ తియ్యడానికి ఓపిక లేక, సరిపోయిందిలే అన్నాను. ఆ తర్వాత ఒప్పుకోలేక నీ వయసు మీదకు నెట్టాను. తప్పు నాదే అక్కా."